పది నెత్తిన అంకె

ఈ సంగతి మొదట చెప్పినవాడు పంపుల వర్క్‌షాపులో గేటు కాసిన సూర్నారాయణ. తరవాత చాలామంది చెప్పారు. వాళ్ళకి నోరుందిగాని, చూసిన కన్ను సూర్నారాయణది.

లక్కోజు వీరాచారి మేస్త్రీ ఏ కొలతనీ సున్నాల వరసగా రాయనిచ్చేవాడు కాదు. ముందొక అంకె, పక్కన ఇంటూ గుర్తు, తరవాత పది, దాని నెత్తిన చిన్న అంకె. అలా రాస్తేనే మిషను ముట్టుకోనిచ్చేవాడు. శిష్యుడు పైడిరాజుకి ఇది ముసలాయన చాదస్తంలా తోచింది. ఆ రోజు వాడి పరీక్ష. వాడు సొంతంగా తయారుచేసిన షాఫ్టు సాయంత్రానికి బేరింగులో బిగువుగా కూర్చుంటే వాడికో మిషను అప్పగిస్తారు; లేకపోతే మళ్ళీ ఏడాదిపాటు ఇనప రజను ఊడ్చుకోవాలి. రెండు కొసలూ సాన పట్టడమే మిగిలింది.

"మేస్త్రీగారూ, మీటర్లని మిల్లీమీటర్లు చెయ్యాలంటే చుక్కని మూడు గడులు ఇవతలికి జరిపితే చాలదా? పది నెత్తిన ఈ తురాయి ఎందుకండీ?" అన్నాడు పైడిరాజు.

"చుక్క జరిపినా మూడే, ఆ నెత్తినున్నదానికి కలిపినా మూడే. లెక్క ఒకటేరా," అన్నాడు మేస్త్రీ. డ్రాయింగు చంకన పెట్టుకుని, రెండు పలకల మీద సుద్దతో రాసి మిషను దగ్గర తగిలించి, కొలిమి వైపు వెళ్ళిపోయాడు.

మొదటి పలక మీద, ఈ కొసన 0.0004 మీటరు తియ్యమని ఉంది. మేస్త్రీయే సున్నాలు రాశాడంటే నేను గెలిచినట్టేనని పైడిరాజు మురిసిపోయాడు. చుక్క జరిపాడు, 0.4 మిల్లీమీటరు వచ్చింది. నీళ్ళు వదిలాడు, రాయి తిప్పాడు, తీసేశాడు. రెండో పలక చూశాడు. ఆ కొసన 4×10 మీటర్లు అని ఉంది. పది నెత్తిన ఏమీ లేదు. పరుగెత్తాడు.

"మేస్త్రీగారూ, పది బోసినెత్తితో ఉందండీ! నలభై మీటర్లు తియ్యాలంటే ఈ షాఫ్టేం సరిపోద్ది, మన షెడ్డే సరిపోదు!"

"రెండో పలకకి పరుగెత్తుకొచ్చావు. మొదటిదానికి రాలేదేం?"

"అది బాగానే ఉందిగదండీ."

మేస్త్రీ డ్రాయింగు విప్పి ముందు పెట్టాడు. రెండు కొసలకీ ఒకటే కొలత: 0.00004 మీటరు. పైడిరాజు సున్నాల మీద వేలు పెట్టి లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు. తియ్యాల్సినదానికి పదింతలు తీసేశాడు. తీసిన ఇనుము మళ్ళీ అతుక్కోదు.

"మీరే ఒక సున్నా వదిలేసి నా నోట్లో మన్ను కొట్టారు!"

"మొదటిదాంట్లో సున్నా, రెండోదాంట్లో నెత్తినున్న అంకె వదిలేశాను. ఇవాళ నేను కావాలని వదిలాను. రేపు ఇంకెవడో కునికిపాట్లు పడుతూ వదులుతాడు. అప్పుడు పోయేది పరీక్ష షాఫ్టు కాదు."

పైడిరాజు కళ్ళు కూడా తుడుచుకోలేదు. సరాసరి స్టోరుకి వెళ్ళి పచ్చి కడ్డీ భుజాన వేసుకొచ్చాడు. సాయంత్రం పరీక్షకి వచ్చినవాళ్ళు వాడి పేరు దగ్గర గీత కొట్టి వెళ్ళిపోయారు. వాడు తలెత్తి చూడలేదు. కడ్డీ మిషనుకెక్కించి, పలక కడిగి, 4×10⁻⁵ మీటరు అని రాశాడు. దాని కింద, మైనస్ అయిదుకి మూడు కలిపి, 4×10⁻² మిల్లీమీటరు అని రాశాడు. ఏడాదిపాటు రజను ఊడ్చాడు. మరుసటి పరీక్షలో వాడి షాఫ్టు బేరింగులో కూర్చుంటే చప్పుడు కూడా రాలేదు.

మేస్త్రీ ఆ రోజు కోపంతో షాఫ్టు విరగ్గొట్టాడని బజార్లో చెప్పుకుంటారు. అబద్ధం. ఆయన వాడి పక్కన నిలబడి, పలక చూసి, ఒక్కమాట అన్నాడు:

"పోతే, పోయినదాని చోటు కనబడాలిరా."

ఆ వర్క్‌షాపు గోడ మీద మేస్త్రీల పేర్ల బోర్డు ఉంది. కొత్త రంగు వేసినప్పుడు వీరాచారి పేరు వదిలేశారు. పై పేరూ కింది పేరూ దగ్గరికి జరిగాయి. చూసినవాడికి బోర్డు నిండుగానే ఉంటుంది. అక్షరం బాగా వచ్చినవాళ్ళెవరైనా నిచ్చెన వేసుకుని ఆ పేరు దాని చోట రాయండి.