మిరపకాయల గోడౌనులో కల్యాణి

మాల్యాద్రికి ఎన్నాళ్ళుగానో ఒకటే బాధ. తన సన్నాయిని ఎవరూ వినరు.

పని లేక కాదు. పెళ్ళిళ్ళ రోజుల్లో అతనికి అన్నం తినే తీరికుండదు. కానీ పెళ్ళికొచ్చినవాళ్ళు సన్నాయి కోసం వస్తారా? మూడు ముళ్ళ వేళకి గట్టిమేళం అంటారు, ఆ కాసేపూ అందరి చెవులూ ఇటుంటాయి. ఆ తరవాత అతను కల్యాణి రాగం వాయించినా ఒకటే, గోడ మీద కాకి అరిచినా ఒకటే. అందరి ధ్యాసా పంక్తి ఎప్పుడు లేస్తుందా అనే. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి, జనం వరసగా కూర్చుని, నోరు మూసుకుని తనని వినాలని అతని కోరిక. ఈ మాట బయటికి చెప్పుకుంటే నవ్వుతారని సిగ్గు.

అతని గురువు దరియా హుస్సేన్ సాహెబ్ గారు. ఒకప్పుడు గుంటూరు చుట్టుపక్కల గుళ్ళలో ఆయన సన్నాయి లేనిదే దేవుడు గడప దాటడని చెప్పుకునేవారు. ఆయన పక్కన మాల్యాద్రి ఎప్పుడూ రెండో సన్నాయే. గురువు ముందు వాయిస్తే తను వెనక అందుకోవాలి. ముందుండి వాయించమని ఆయన ఇంతవరకూ అనలేదు. అడిగే ధైర్యం ఇతనికి లేదు.

అలాంటి రోజుల్లో షారోను అనే అమ్మాయి సాహెబ్ గారింటికి వచ్చింది. ఆ అమ్మాయి కొంతమంది స్నేహితులతో కలిసి ఏడాదికోసారి ఊళ్ళో కళల పండుగ చేస్తుంది. ఒకసారి మూతపడ్డ సినిమా హాల్లో చేశారు, ఒకసారి వంతెన కింద. ఈసారి ఖాళీగా పడి ఉన్న మిరపకాయల గోడౌను దొరికింది. ఆ పండుగలో వేదిక ఉండదు, ముఖ్య అతిథి ఉండడు, శాలువాలు అసలే ఉండవు. ఒక మూల బొమ్మలు వేస్తుంటారు, ఇంకో మూల నాటకం, మరోచోట పాట. వచ్చినవాళ్ళు తిరుగుతూ తమకి నచ్చినచోట ఆగుతారు. అందులో సన్నాయి కూడా ఉండాలని ఆమె అడగొచ్చింది.

సాహెబ్ గారు కాసేపు గడ్డం నిమురుకున్నారు. "మాల్యాద్రి వాయిస్తాడమ్మా. నేను శ్రుతి పడతా," అన్నారు.

మాల్యాద్రి కాళ్ళు నేల మీద నిలవలేదు. ఆ వెంటనే గురువు అన్న రెండో మాట తలకెక్కింది. శ్రుతి పట్టడమంటే సన్నాయి వెనక నిలబడి, ఒక గొట్టంలో ఒకే స్వరాన్ని తెంపు లేకుండా ఊదుతూ ఉండడం. కొత్తగా చేరిన శిష్యులతో చేయించే పని అది. ఇప్పుడైతే మీట నొక్కితే మోగే పెట్టెలే వచ్చాయి. ఆ పెట్టె తెచ్చుకుందాం, మీకెందుకీ పని అని అతను బతిమాలాడు. ఆయన వినిపించుకోలేదు.

పండుగనాటి సాయంత్రం గోడౌనులోకి అడుగుపెట్టగానే మాల్యాద్రి మనసు చివుక్కుమంది. జనం సంతలో తిరిగినట్టు తిరుగుతున్నారు. పిల్లలు గోనెసంచుల మీద రంగులు పూస్తున్నారు. ఎవరో పద్యం చదువుతుంటే ఎవరో టీ తాగుతున్నారు. ఇక్కడ కూడా పెళ్ళి పందిరేనా అనుకున్నాడు.

షారోనుని పక్కకి పిలిచి, తనకి చివరి గది విడిగా కావాలన్నాడు. కుర్చీలు వరసగా వేయించాలి, షట్టరు దించాలి, మధ్యలో ఎవరూ లేచి వెళ్ళకూడదు. ఆమె నసిగింది. గోడల్లో ఏళ్ళనాటి ఘాటు ఉందని, తలుపులన్నీ తీసి ఉంచితేనే నయమని చెప్పి చూసింది.

"నా మొదటి కచేరీ అండీ," అన్నాడు మాల్యాద్రి.

ఆ గొంతు విన్నాక ఆమె కాదనలేకపోయింది. సాహెబ్ గారు అన్నీ విని, శ్రుతి గొట్టం తుడుచుకున్నారు.

కుర్చీలు వేశారు. షట్టరు దించారు. ఉక్కపోస్తుందని పెద్ద ఫ్యాన్లు రెండు పెట్టారు. గుంటూరులో పుట్టినవాడు చేయించాల్సిన పని కాదది. కానీ కోరిక కళ్ళకు కమ్మితే మనిషికి సొంత ఊరు కూడా గుర్తుండదు.

డోలు ఆయన పక్కన సర్దుకున్నాక, సాహెబ్ గారు వెనక శ్రుతి అందుకున్నాక, మాల్యాద్రి కల్యాణి ఎత్తుకున్నాడు. జనం నిజంగానే నోరు మూసుకుని కూర్చున్నారు. అతని ఒళ్ళు పులకరించింది. ఇదే, ఇన్నాళ్ళూ తను అడిగింది ఇదే.

అప్పుడు ముందు వరసలో ఒక పెద్దాయన తుమ్మాడు. ఆయన పక్కనున్నావిడ రెండుసార్లు తుమ్మింది. ఫ్యాన్లు మూలమూలల్లోని ధూళిని లేపి మనిషి మనిషికీ పంచుతున్నాయి. దగ్గులు మొదలయ్యాయి, కొంగులు ముక్కుల మీదికి వచ్చాయి. మాల్యాద్రికి ఒళ్ళు మండిపోయింది. కూర్చోబెట్టినా వినరన్నమాట వీళ్ళు. ఆ తుమ్ముల్ని మించి వాయిద్దామని గుండెల నిండా గాలి పీల్చాడు.

అంతే, పొలమారింది. సన్నాయి కీచుమని ఆగిపోయింది.

"ఎవరో తలుచుకుంటున్నారబ్బాయ్," అన్నారెవరో వెనక వరస నుంచి. దగ్గుతూనే అందరూ నవ్వారు. ఎవరో షట్టరు ఎత్తారు. గదంతా బిలబిలమని బయటి ఆవరణలోకి ఖాళీ అయిపోయింది.

మాల్యాద్రి సన్నాయి ఒళ్ళో పెట్టుకుని కూలబడ్డాడు. ఏడుపొచ్చింది. "నేనింక వాయించను గురువుగారూ. ఇది కచేరీ చేసే చోటు కాదు," అన్నాడు.

సాహెబ్ గారు జవాబు చెప్పలేదు. శ్రుతి పట్టినవాడు ఎలా చెబుతాడు? కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నా, ఈ గొడవంతటిలోనూ ఆయన శ్రుతి తెగలేదు. బుగ్గలు పూరించుకుని శిష్యుణ్ణి ఒకసారి చూశారు. చూసి, వెనక్కి తిరిగి, ఊదుతూనే బయటికి నడిచారు.

సన్నాయి ఎటు పోతే శ్రుతి అటు రావాలి. ఊరేగింపులోనైనా, పందిట్లోనైనా అదే పద్ధతి. శ్రుతి తనంతట తాను లేచి వెళ్ళిపోవడం మాల్యాద్రి పుట్టి బుద్ధెరిగి చూడలేదు. డోలు ఆయన ఇద్దరి మొహాలూ చూసి, ఎందుకొచ్చిన గొడవని డోలు మెడకి తగిలించుకుని సాహెబ్ గారి వెనకే పోయాడు.

ఖాళీ కుర్చీలూ, తనూ మిగిలారు. బయట నుంచి శ్రుతి వినిపిస్తూనే ఉంది. రాగం లేదు, తాళం లేదు, ఆ ఒక్క స్వరమే. డెబ్భై దాటిన మనిషి, ఎంతసేపని ఊదుతారు? కోపం దిగింది గానీ ఆ భయం దిగలేదు. అదే అతన్ని లేపింది.

ఆవరణలో జనం కుళాయి దగ్గర మొహాలు కడుక్కుంటున్నారు. పక్క షెడ్డులో పని నడుస్తూనే ఉంది. ఆడవాళ్ళు ముక్కులకి తడిగుడ్డలు కట్టుకుని, మిరపకాయల రాశి చుట్టూ కూర్చుని తొడిమలు తీస్తున్నారు. ఈ రెండు గుంపుల మధ్యన, నీరెండలో, సాహెబ్ గారు నిలబడి ఉన్నారు. మాల్యాద్రి రాగానే ఒక అడుగు వెనక్కి వేసి అతనికి చోటిచ్చారు.

మాల్యాద్రి సన్నాయి ఎత్తాడు.

ఎవరూ కూర్చోలేదు. ఎవరూ ఇటు తిరగను కూడా లేదు. కుళాయి దగ్గర మాటలు సాగుతున్నాయి, లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ వెళ్ళింది, షెడ్డులో చేతులు ఆడుతూనే ఉన్నాయి. మొదట్లో అతని కళ్ళు అందరి వంకా తిరిగాయి. ఎప్పుడు తిరగడం మానేశాయో అతనికే తెలియదు. కల్యాణి మెల్లగా తీరిగ్గా విచ్చుకుంది. ఇంట్లో తెల్లవారుజామున సాధన చేసుకునేటప్పుడు మాత్రమే పలికే సంగతులు కొన్ని పిలవకుండానే వచ్చి పలికాయి.

ఆలాపన ముగించి సన్నాయి దించాడు.

షెడ్డులో చేతులు ఆగిపోయాయి. ఒక ముసలావిడ మూతికున్న తడిగుడ్డ కిందికి లాక్కుని అతని వంక చూసింది.

"ఏంది నాయనా, అట్టా ఆపావు?"

మాల్యాద్రి అలవాటు చొప్పున గురువు అనుమతి కోసం వెనక్కి తిరిగాడు.

సాహెబ్ గారు అప్పుడు, ఆ సాయంత్రం మొదటిసారిగా, గొట్టం నోట్లోంచి తీశారు.

"నా వంక చూస్తావేంరా? అడిగింది ఆవిడ."