బందెలదొడ్డిలో రాజుగారి పంది

తుపాకిమందు మీద పన్ను వెయ్యాలని, కట్టలేనివాళ్ల తుపాకులు లాక్కోవాలని మంత్రి సభలో పట్టుబట్టాడు. జొన్నకంకి పాలుపట్టే రోజులు. రాత్రిళ్లు గాలిలోకి పేల్చి బెదరగొట్టకపోతే అడవిపందులు చేను మిగలనివ్వవు. బల్లేలు పట్టిన భటుల మధ్య రైతులు నిలబడి ఉన్నారు.

బందెలదొడ్డి కాసే పోలమ్మ ముందుకొచ్చింది. పరాయి చేలో పడి మేసిన పశువుని దొడ్డిలో కట్టేసి, యజమాని దండుగ కట్టాకే వదలడం ఆమె పని.

"తుపాకులు ఇచ్చేస్తాం, దొరా. పోయినేడు పందిని చంపాడని మా తమ్ముణ్ని ఖైదులో వేశారు. అడవిలో జంతువు ఎవరిదన్నారు?"

"రాజుగారిది," అన్నాడు మంత్రి.

"నిన్న తుపాకి పేల్చలేదు. చేలో పడిన పంది ఒకటి వలలో చిక్కితే దొడ్డిలో పెట్టాను. ఇది రాజుగారిదేగా?"

భటాధికారి చెయ్యి కత్తి మీదికి పోయింది. రాజు వద్దన్నట్టు వేలెత్తాడు.

"దండుగ ఎంత?" అన్నాడు.

"దండుగ తర్వాత, ప్రభూ. దొడ్డిలోంచి పశువుని యజమాని మనిషే తాడు పట్టి తోలుకెళ్లాలి. అది ఆచారం."

రాజు మంత్రి వైపు చూశాడు.

మంత్రి పన్ను కాగితాన్ని మెల్లగా మడిచి నడుముకు దోపుకున్నాడు.