తిట్టి దింపే రేవు

అనగనగా అంటే ఎప్పుడని అడగకండి. ఏటికి వంతెన లేని రోజులు. అంతవరకే తెలుసు.

ఆ ఏరు చూడ్డానికి బహు మంచిది. మోకాలి లోతు నీళ్ళు, మిగతాదంతా ఇసుక. ఆ ఇసుకలోనే ఊబి. ఊబి ఒకచోట ఉంటే బెంగ లేదు. ఇవాళ ఇక్కడ, రేపు ఇంకోచోట. నిన్న బండి నడిచిన దారిలో ఇవాళ మేక దిగబడేది.

అందుకని ఆ ఊళ్ళో ఒక పని ఉండేది. పొద్దు పొడుస్తూనే ఒక మనిషి వెదురు గడ పట్టుకుని ఏట్లో దిగాలి. అడుగడుక్కీ గుచ్చి చూడాలి. గట్టి నేల తగిలినచోట వావిలి కొమ్మ పాతాలి. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా. ఆ కొమ్మల వెంటే జనం దాటాలి. మర్నాడు మళ్ళీ మొదలు.

ఆ పని గవరయ్యది. అతని తల్లి ఎర్నమ్మ. పని కొడుకుది, ఊపిరి బిగబట్టుకోవడం తల్లిది.

పోనీ ఊరివాళ్ళు చల్లగా ఉండమని దీవించారా అంటే, అదీ లేదు.

"ఇంత వంకరగా పెట్టావేం గవరయ్యా? తిన్నగా పెడితే నీ సొమ్మేం పోయింది?" అని ఒకడు.

"ఈవేళ ఆలస్యమైందేం? కొత్త పెళ్ళికొడుకువా?" అని ఇంకొకడు.

"మా గేదెకి నీ దారి నచ్చలేదయ్యా," అని మూడోవాడు.

గవరయ్య నవ్వేవాడు. ఎర్నమ్మకి ఒళ్ళు మండేది.

అవతలి గట్టున దొరగారి మేడ. ఒకరోజు దొరగారి పెత్తందారు ఏరు దాటి వాళ్ళ ఇంటికొచ్చాడు.

"ఎర్నమ్మా, నీ కొడుకు నెమ్మదస్తుడు. దొరగారి గుమ్మంలో చెప్పులకి కాపలా కావాలి. నీడపట్టున కూర్చోవడం. వేళకి భోజనం. గదమాయించేవాడు ఉండడు."

"చెప్పులు ఎక్కడికి పోతాయి బాబూ?" అన్నాడు గవరయ్య.

"ఎక్కడికీ పోవు. అందులోనే ఉంది సుఖం."

"పొద్దున్నే ఏట్లో జనం దిగుతారు బాబూ," అని గడ పట్టుకుని లేచిపోయాడు గవరయ్య.

"నీడ చేదయిందట్రా నీకు?" అంది ఎర్నమ్మ. ఆ పూట కూరలో ఉప్పు వెయ్యలేదు. మరిచిపోయి కాదు.

ఒక వరద వచ్చింది, పోయింది. పెత్తందారు మళ్ళీ వచ్చాడు.

"ఈసారి పంకా లాగే పని. వరండాలో చాప మీద కూర్చుని తాడు లాగడమే."

"పొద్దున్నే ఏట్లో జనం..." అనబోయాడు గవరయ్య.

ఎర్నమ్మ అతని చెయ్యి లాక్కుని తన నెత్తిన పెట్టుకుంది. "నీడ చేదయిందట్రా నీకు? వెళ్తానని నా మీద ఒట్టెయ్యి."

వేశాడు. వెళ్ళాడు. కూర్చుని తిని బుగ్గలొచ్చాయి. దొరగారు ఊళ్ళో లేని రోజుల్లో కూడా పంకా లాగాలి. ఖాళీ కుర్చీకి గాలి. "లాగే అలవాటు తప్పకూడదు," అనేవాడు పెత్తందారు.

ఇక్కడ గడ చూరులో ఉండిపోయింది. ఆ పని చేస్తానని ఒక్కడూ ముందుకు రాలేదు. వంకరదారి అన్నవాడు రాలేదు. ఆలస్యమన్నవాడూ రాలేదు. చుట్టుతిరిగి పై ఊరి మీదుగా వెళ్ళడం మొదలెట్టారు. ఎర్నమ్మకి అదేం పట్టలేదు. "మావాడు నీడపట్టున ఉన్నాడు," అని కనబడ్డవాళ్ళందరికీ చెప్పుకుంది.

ఒకనాడు కొడుకు కోసం బూరెలు వండి మూట కట్టుకుని ఏటి దగ్గరికి వచ్చింది. గవరయ్య చివరిసారి పాతిన కొమ్మలు ఇంకా నిలబడే ఉన్నాయి. ఆకులు రాలాయి, అంతే. చుట్టుతిరిగే ఓపిక లేదు.

"మావాడు పాతినవే కదా," అనుకుని దిగింది.

నడి ఏట్లో ఇసుక ఆవిణ్ణి నడుం దాకా పట్టేసింది.

వరండాలోంచి గవరయ్య చూశాడు. పంకా తాడు పటుక్కున కోసుకుని పరిగెత్తాడు. ఇసుక మీద బోర్లా పడుకుని తాడు విసిరాడు.

ఎర్నమ్మ తాడు పట్టుకోలేదు. నెత్తిన బూరెల మూట పట్టుకుని ఉంది.

"కొలువు వదిలేసి వచ్చావా?"

"ముందు తాడు పట్టుకోవే అమ్మా."

"ఇది దొరగారి తాడు కాదూ? అడిగే కోశావా?"

"అడగలేదు. పట్టుకో."

"ఇంక నిన్ను ఉంచుతారట్రా వాళ్ళు?"

తిడుతూనే పట్టుకుంది. తిడుతూనే గట్టెక్కింది.

"నీ ఒట్టు తీసి గట్టున పెట్టమ్మా," అన్నాడు కొడుకు. ఆవిడ మర్నాడు పొద్దున్న చూరులోంచి గడ తీసి అతని ముందు విసిరేసింది.

తాడు కోసినందుకు దొరగారికి కోపం రాకపోగా ముచ్చటేసింది. పెత్తందారు మూడోసారి వచ్చాడు.

"ఈసారి పనే లేదు. చెప్పులు కాసేవాడినీ, పంకా లాగేవాడినీ చూస్తూ కూర్చోవడమే. నువ్వయినా చెప్పు ఎర్నమ్మా."

"నన్నడక్కండి బాబూ. వెళ్ళమని నేను చెప్పను. వద్దని చెప్పడానికి నోరు రాదు."

"పొద్దున్నే ఏట్లో జనం దిగుతారు బాబూ," అన్నాడు గవరయ్య.

"నీడ చేదయింది వెధవకి," అంది ఎర్నమ్మ. ఆ పూట మాత్రం కూరలో ఉప్పు వేసింది.

అప్పట్నుంచి కొడుకు ఏట్లో దిగితే తల్లి గట్టున నిలబడేది. నిలబడి ఊరుకుంటుందా?

"అటు కాదురా గుడ్డివెధవా. గుచ్చకుండా అడుగేస్తే కాళ్ళు విరగ్గొడతాను. ఆకాశంలో ఏముందిరా, కిందకి చూడు."

ఆ తిట్లకే ఊరు నిద్ర లేచేది. మంచు కమ్మిన రోజుల్లో ఆ గొంతు పట్టుకునే గవరయ్య గట్టు ఎటుందో తెలుసుకునేవాడు.

చాలా ఏళ్ళు అలా గడిచాయి. ఒక ఏడు పెద్ద వరద వచ్చి తీసింది. ఎర్నమ్మకి జ్వరం. లేవలేకపోయింది. గవరయ్య ఆవిడ మీద దుప్పటి కప్పి, చప్పుడు చెయ్యకుండా గడ తీసుకుని వెళ్ళాడు.

పొద్దెక్కింది. జనం గట్టుకొచ్చారు. కొమ్మలు సగం ఏటి దాకా ఉన్నాయి. అక్కడ ఆగిపోయాయి.

"ఇవాళ సగమే పెట్టాడేం?" అని ఎవరో విసుక్కున్నారు. ఆ తర్వాత చూశారు. చివరి కొమ్మకి కాస్త అవతల, గడ ఒక్కటే వాలి ఉంది.

ఎర్నమ్మ దుప్పటి కప్పుకునే వచ్చింది. జనం పక్కకి జరిగారు. ఏడవలేదు. పక్కనున్న మనిషి చేతికర్ర లాక్కుని, వావిలి కొమ్మలు చంకన పెట్టుకుంది. కొడుకు పాతిన కొమ్మల వెంటే చివరి కొమ్మ దాకా నడిచింది.

"సగం పనిలో ఎక్కడికి పోయావురా దిక్కుమాలినవాడా," అంది.

కర్ర గుచ్చింది. గట్టి నేల వెతికింది. చివరి కొమ్మ నుంచి అవతలి గట్టు దాకా ఆవిడే పాతింది. అడుగుకో తిట్టు. జనం ఒకరి వెనక ఒకరు దాటారు. దారి వంకరగా ఉందని ఆవేళ ఎవరూ అనలేదు.

ఒంట్లో ఓపిక ఉన్నంతకాలం ఆవిడే దిగింది. ఆ తర్వాత ఊరు వంతులు వేసుకుంది.

ఇప్పుడు వంతెన ఉంది. అయినా అడ్డదారని ఇసుకలో దిగేవాళ్ళు దిగుతూనే ఉంటారు. ఆ రేవులో కొబ్బరికాయ కొట్టరు, దణ్ణం పెట్టరు. ముందు నడిచేవాణ్ణి గట్టున నిలబడి ఎవరో ఒకరు తిట్టాలి. తిట్టు పడనిదే కాలు దింపరు. కొత్తవాడు, తన అన్నవాళ్ళు లేనివాడు వచ్చి నిలబడ్డాడనుకోండి, బట్టలుతుక్కునే ఏ తల్లో చేతిలో బట్ట పక్కన పెట్టి లేస్తుంది.

"చూసి అడుగెయ్యరా గుడ్డివెధవా," అంటుంది.

వాడు దిగుతాడు. గట్టెక్కేదాకా ఆవిడ కూర్చోదు.