అత్తగారి బారసాల

ఇవాళ చిన్న కథే చెప్తానమ్మడూ, రెండు ఆవలింతల్లో అయిపోతుంది. అనగనగా గుమ్మలపాలెంలో ఇద్దరు తోడికోడళ్ళు, సుందరాలూ నూకరత్నమూను. ఆ ఊరి కరణం గుర్రాన్ని కొన్నాడు కానీ ఎక్కడం రాదు, పక్కనే నడిచేవాడు. ఆయన పెళ్ళాం మజ్జిగలో నీళ్ళు కలపదు, నీళ్ళల్లో మజ్జిగ కలుపుతుంది. నాకెందుకులే, నేనలాంటివి చెప్పను. ఎక్కడున్నాం? ఆఁ, తోడికోడళ్ళు.

వాళ్ళకి ఒకరంటే ఒకరికి ప్రాణం. తిరగలి దగ్గర కూర్చుని ఎవరికీ తెలియని భాష ఒకటి అల్లుకున్నారు. చాడీ చెప్పాలంటే ముందు పేరు కావాలి కదా, అందుకని అక్కడే మొదలుపెట్టారు. పేరుకే మూడు మాటలు. ఉయ్యాల్లో పెట్టింది 'లూలి'. ఊరు తగిలించింది 'గొట్రు'. ఇష్టమైనవాళ్ళు చెవిలో చెప్పేది 'మిసా'. అలా చెవిలో పేరు పెట్టడం 'మిసకం'.

అప్పుడు అత్తగారికి అనుమానమొచ్చింది. మొదటి రోజు తలుపు చాటున వింది. రెండో రోజు పప్పు ఏరుతున్నట్టు కూర్చుని వింది. మూడో రోజు ఇక ఆగలేదు.

"నన్నే తిడుతున్నారు, నాకు తెలుసు. రేపట్నుంచి వేరు కుంపట్లు. ఒకర్తె ఇక్కడ, ఒకర్తె ఏటవతల పాకలో!"

కోడళ్ళిద్దరూ తిరగలి వదిలేసి లేచారు.

"మిమ్మల్నెలా తిడతాం అత్తయ్యా? మా భాషలో మీకు పేరే లేదు. మీ లూలి ఏమిటో మాకు తెలీదు" అంది నూకరత్నం.

"లూలి ఏమిటే?"

"మీ అమ్మ పెట్టిన పేరు."

అత్తగారు వేళ్ళు మడుస్తూ గుర్తు తెచ్చుకోబోయింది. పుట్టింట్లో పాపా అన్నారు. కాపురానికొచ్చాక కోడలా అన్నారు. ఆ తర్వాత అమ్మా అన్నారు. అడుగుదామంటే పుట్టింట్లో ఇప్పుడెవరూ మిగల్లేదు.

"ఏదో ఉండేదే. గుర్తు రావట్లేదు" అంది చిన్న గొంతుతో.

"మిసకం చేస్తాం, కూర్చోండి" అంది సుందరాలు.

చేటలో బియ్యం పోశారు. పసిపిల్లకి చేసినట్టే ముసలావిడని పీట మీద కూర్చోబెట్టారు. నూకరత్నం ఆవిడ చెవిలో మూడుసార్లు పేరు చెప్పింది. మూడుసార్లూ ఆవిడ "ఆఁ" అని పలికింది. ఆ పేరేమిటో నాకు తెలీదు. ఆ ఊరి సంగతుల్లో నాకు తెలియనిది అదొక్కటే.

ఆ తర్వాత వేరు కుంపట్ల మాట మళ్ళీ రాలేదు. చేసిన మేలుకి ఏమనాలో ఆ భాషలో ఇంకా మాట పుట్టలేదు, అందుకని అత్తగారు గారెలు వండింది. మొదటి వాయి పెద్దకోడలికి. రెండో వాయి చిన్నకోడలికి. మూడో వాయి పళ్ళెంలో వేసుకుని వీధి గుమ్మంలోకి వచ్చింది. మామగారు అరుగు మీద పదిమందిలో కూర్చునున్నాడు.

"సన్యాసినాయుడూ, గారెలు చల్లారిపోతున్నాయి, లే" అంది.

అరవై ఏళ్ళ కాపురంలో ఆవిడ మొగుణ్ణి పేరు పెట్టి పిలవడం అదే మొదలు. ఆయన లేచాడు. లోపలికి వచ్చాడు. ఆరు గారెలు తిన్నాడు.

కథేమో కంచికి, కబుర్లేమో ఇంటింటికి, కునుకేమో నీ కంటికి.