ఈరమ్మ ఆపిన మాట

గుట్టలు ఎక్కువ, దారులు తక్కువ ఉన్న ఒక అడవిలో పలుకుబండ అనే పెద్ద బండ ఉండేది. దాని ముందు నిలబడి మాట్లాడితే ఆ మాట ఎదుటి గుట్టకి తగిలి, అక్కడినుంచి ఇంకో గుట్టకి తగిలి, అడవంతా వినపడేది. వాగులో నీళ్ళు ఎక్కడ మిగిలాయో, వేటగాళ్ళు ఏ వైపు ఉచ్చులు పెట్టారో, ఎవరి పిల్ల తప్పిపోయిందో, జంతువులన్నీ అక్కడే చెప్పుకునేవి. అవసరమైనవి ఇవైతే, అవసరం లేనివి ఇంకా బోలెడు. నెమలి నిన్న తను ఎంత బాగా ఆడిందో రోజూ వచ్చి చెప్పేది. కోతి మొన్నటి హాస్యమే మళ్ళీ చెప్పి, ఎవరూ నవ్వకపోతే అర్థం కాలేదేమోనని వివరించేది. కాకులు పండు ముక్క దగ్గర మొదలైన తగువుని తాతల దాకా తీసుకెళ్ళేవి.

ఈ గోలనంతా ఒక దారిలో పెట్టేవాళ్ళు ఇద్దరు. ఒకరు ఏదుపంది ఈరమ్మ. ఇంకొకరు ముసలి ఎద్దు గంగులు, దుక్కికి పనికిరాడని రైతు వదిలేస్తే అడవి చేరినవాడు. బండ దగ్గరికి వెళ్ళే ఇరుకు సందులో గంగులు అడ్డంగా నిలబడేవాడు. వచ్చినవాళ్ళు ముందు ఈరమ్మ చెవిలో తమ మాట చెప్పాలి. ఆవిడ సరే అంటే గంగులు పక్కకి జరుగుతాడు.

చాలావాటికి ఆవిడ సరే అనేది. కొన్నిటికి మాత్రం, "నాయనా, ఇది కోపంలో వచ్చిన మాట. వెళ్ళి వాగులో కాసిని నీళ్ళు తాగి రా. అప్పటికీ చెప్పాలనిపిస్తే చెబుదువుగాని," అనేది. అలా వెళ్ళినవాళ్ళలో సగం మంది తిరిగి వచ్చేవాళ్ళు కాదు. అందువల్ల ఎన్ని స్నేహాలు చెడకుండా నిలిచాయో ఎవరికీ తెలియదు. చెడితే కదా తెలిసేది.

ఏదుపందులు పగలు నిద్రపోయే జాతి. అయినా ఈరమ్మ కళ్ళు మూతలు పడుతుంటే పొద్దున్నే వచ్చి కూర్చునేది. ఇంత చేసినందుకు ఆవిడకి ఒక దుంప ముక్క తెచ్చి పెట్టినవాడు లేడు. పెట్టకపోతే పోయె, "పొద్దస్తమానం అక్కడే కూర్చుంటోందంటే ఏదో గిట్టుబాటు ఉండే ఉంటుంది," అని గుసగుసలు మాత్రం ధారాళంగా పెట్టారు.

ఒక పొద్దున దుప్పి పున్నమ్మ ఎగిరి గంతులేస్తూ వచ్చింది. దానికి తొలికాన్పు. ఒళ్ళంతా సంతోషమే.

"అత్తా, నాకు బిడ్డ పుట్టింది. ఆడపిల్ల. ఎక్కడుందో కూడా చెప్పేస్తాను, అందరూ వచ్చి చూస్తారు," అని ఈరమ్మ చెవిలో ఆ చోటు చెప్పింది.

ఈరమ్మ నిద్రమత్తు ఒక్కసారిగా వదిలిపోయింది. దుప్పి పిల్లకి పుట్టిన కొత్తలో ఒంటికి వాసన ఉండదు. పొదలో కదలకుండా పడుకుంటే ఎంత ముక్కున్న జంతువైనా పక్కనుంచే దాటిపోతుంది. ముక్కుకి దొరకని బిడ్డని చెవికి అందిస్తానంటోంది ఈ పిచ్చితల్లి. దాని తప్పేమీ లేదు. బండ ముందు నిలబడినవాళ్ళకి ఎదురుగా ఉన్న నలుగురు చుట్టాలే కనిపిస్తారు. పొదల్లో కూర్చుని వినేవాళ్ళు కనిపించరు.

అంతెందుకు, పున్నమ్మ వెనకే నక్క సింగన్న నిలబడి ఉన్నాడు. ఆ పేరు పెట్టిన తల్లి ఎన్ని ఆశలు పెట్టుకుందో పాపం. వాడికి చెప్పాల్సిన మాట ఏనాడూ ఉండదు. ఊరికే వరసలో నిలబడి వింటూ ఉంటాడు.

వాడు అంత దగ్గర్లో ఉండగా ఈరమ్మ కారణం ఎలా చెబుతుంది? "బిడ్డ పుట్టిందని చెప్పు చాలు. మిగతాది వద్దు," అంది.

"ఎందుకొద్దు?"

"వద్దన్నానుగా. తర్వాత మాట్లాడుకుందాం. వెనక అంతమంది ఉన్నారు, కదులు."

నిద్ర లేని గొంతు. అనుకున్నదానికంటే కటువుగా వచ్చింది. పున్నమ్మ ముఖం వాడిపోయింది. బండ ముందుకెళ్ళి, "నాకు బిడ్డ పుట్టింది," అని ఎవరి బిడ్డ గురించో చెప్పినట్టు చెప్పి వచ్చేసింది.

కాస్త దూరం పోయేసరికి సింగన్న పక్కకి చేరాడు.

"ఏం పున్నమ్మా, బిడ్డ పుట్టిన తల్లివి, కళ్ళలో ఆ నీళ్ళేంటి?"

"ఏం లేదు బావా. నేను చెబుదామనుకున్న మాట అత్త చెప్పనివ్వలేదు."

"అయ్యో. తల్లి తన బిడ్డ గురించి చెప్పుకునే మాట కూడా ఆపేస్తోందా? ఇవాళ నీ మాట, రేపు ఇంకొకరి మాట. అసలు ఆవిడని అక్కడ కూర్చోమన్నదెవరు? పలుకుబండ దగ్గర కూర్చున్నవాళ్ళకి పలుకుబడి తగులుకుంది, అదీ సంగతి. నువ్వేం దిగులుపడకు. ఇవాళే అందర్నీ పిలుస్తాను."

పిలిచాడు కూడా. మధ్యాహ్నానికల్లా బండ దగ్గరి మద్దిచెట్టు కింద అడవి సగం పోగయ్యింది. ఎవరి కక్ష వాళ్ళకి ఉండనే ఉంది. నెమలి తన ఆట సంగతి వారానికి ఒక్కసారే చెప్పమన్నారని, కోతి తన హాస్యానికి విలువ లేదని, కాకులు తమని నోరు మూయించారని. సింగన్న అందరి మాటా తల ఊపుతూ విని, గొంతు సవరించుకున్నాడు.

"ఈరమ్మొదినా, నాకు నీమీద కోపమేం లేదు. ఒక్కటే అడుగుతాను. పొద్దున పున్నమ్మ మాట ఆపావు కదా. ఆ మాటేంటో అందరిముందు చెప్పు. తప్పుడు మాటైతే మేమే నీకు దండం పెడతాం."

"న్యాయంగానే అడిగాడు," అంది నెమలి.

"చెప్పమనండి. నాకూ తెలియాలి," అంది పున్నమ్మ, ఇంకా ఉక్రోషం తీరక.

గంగులు ఈరమ్మ పక్కకి వచ్చి మెల్లగా అన్నాడు. "చెప్పెయ్యి చెల్లెమ్మా. నీ తప్పు లేదని వాళ్ళకే తెలుస్తుంది."

"నా తప్పు లేదని తెలిసేలోపు ఆ చోటేదో వాడికి తెలుస్తుందన్నా. వాడు అడిగేది నన్ను కాదు, ఆ పిల్లని," అని గొణిగింది ఈరమ్మ. తర్వాత అందరికీ వినపడేలా, "ఆ మాట నేను చెప్పను. మీకిష్టం లేకపోతే నన్ను తీసేయండి," అంది.

గొంతు స్థిరంగానే ఉంది గాని, బాధపడలేదనుకుంటే పొరపాటు. నిద్ర మానుకుని తను చేసిన పని ఇంతమందిలో ఒక్కరికి కూడా గుర్తు రాలేదే అని ఆవిడ మనసు చివుక్కుమంది.

"చూశారా? చెప్పదు. చెప్పలేదు," అన్నాడు సింగన్న. ఇంకేముంది, ఈరమ్మని తీసేశారు. గంగులు సందులోంచి తప్పుకోవాలన్నారు. ఎవరి మాట వాళ్ళు నేరుగా చెప్పుకోవచ్చన్నారు. కావలసివస్తే చూసుకోవడానికి సింగన్న ఉండనే ఉన్నాడు. ఈరమ్మ ఎవరివైపూ చూడకుండా ఇంటిదారి పట్టింది.

సింగన్న బండ పక్కనే చతికిలబడి తోక సర్దుకున్నాడు. "రా పున్నమ్మా, మొదటి మాట నీదే. గొంతెత్తి చెప్పు. ఆ 'ఎక్కడ' అన్నది మాత్రం బాగా విడమరిచి చెప్పమ్మా, అందరికీ తెలియాలి కదా."

పున్నమ్మ బండ ముందుకి వచ్చి ఆగిపోయింది.

తన మాట ఆపారని మాత్రమే వాడికి చెప్పింది. ఆపింది బిడ్డ ఉన్న చోటనీ, ఎక్కడన్న మాటనీ వాడితో అనలేదు. ఇంతకుముందే కదా, ఆ మాటేంటో తెలియనట్టు అందరిముందు అడిగాడు. అంటే పొద్దున వరసలో వెనక నిలబడి సగం విన్నాడన్నమాట. పున్నమ్మ వాడివైపు చూసింది. మిగతావాళ్ళంతా తమ వంతు ఎప్పుడొస్తుందా అని తోసుకుంటున్నారు. తన మాట కోసం చెవులు నిక్కబొడుచుకుని కూర్చున్నది వాడొక్కడే.

అంతమంది గద్దించినా అత్త ఎందుకు నోరు విప్పలేదో పున్నమ్మకి అప్పుడు అర్థమైంది. ఏడుపొచ్చింది. ఏడిస్తే వాడు పసిగడతాడని దిగమింగుకుంది.

"నా బిడ్డ," అని మొదలుపెట్టింది గట్టిగా, "తూర్పు గుట్ట కింద, నేరేడు చెట్టు పక్కన, రెండు రాళ్ళ మధ్య సందులో ఉంది. లోపల బాగా చీకటి. మూతి లోపలికంటా పెట్టి చూస్తేగాని కనపడదు."

ఆ మాట గుట్ట నుంచి గుట్టకి తగులుతూ పోయింది. ఇంటిదారిలో ఉన్న ఈరమ్మ అది విని ఉలిక్కిపడింది. తూర్పు గుట్ట, నేరేడు చెట్టు, రెండు రాళ్ళు. అది తన ఇల్లు. పున్నమ్మ రోజూ మేతకి వెళ్ళేది ఆ పక్కనుంచే. ఈరమ్మ ఒక్క క్షణం ఆలోచించి, నవ్వుకుంటూ గబగబా ఇంటికి చేరింది. లోపలికి ముఖం, వాకిలికి వీపు పెట్టి, ముళ్ళు నిక్కించి పడుకుంది.

బండ దగ్గర సింగన్న అప్పటికే లేచాడు. "చిన్న పనుంది, మీరు కానివ్వండి," అని జారుకున్నాడు. వాడు వెళ్ళిన సంగతి కూడా ఎవరూ పట్టించుకోలేదు. నెమలి, కోతి, కాకులు ఒక్కసారే బండమీద పడ్డారు. అందరూ కలిసి మాట్లాడేసరికి గుట్టలనుంచి వచ్చేది మాటో మోతో తెలియలేదు. పడమటి దారిలో ఉచ్చు ఉందని చెప్పడానికి వచ్చిన కుందేలు గొంతు చించుకున్నా ఎవరికీ వినపడలేదు. చివరికి అది ఒక్కొక్కరి దగ్గరికీ పోయి చెవిలో చెప్పుకోవాల్సి వచ్చింది. అప్పుడు కొందరికి ఈరమ్మ గుర్తొచ్చింది గాని, పైకి అనడానికి సిగ్గు.

పొద్దు వాలుతుండగా సింగన్న వచ్చాడు. మూతి నిండా ముళ్ళు, కళ్ళ నిండా నీళ్ళు. తిన్నగా కోతి దగ్గరికి పోయాడు, ముళ్ళు లాగాలంటే చేతులున్నది దానికే మరి.

కోతి ఒక ముల్లు లాగి, అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది ఈరమ్మత్త ముల్లు కదా. ఆవిడ ఇంటికెందుకు వెళ్ళావు బావా?"

సింగన్న మూతి పక్కకి తిప్పుకున్నాడు.

"పోట్లాడటానికి వెళ్ళావా?"

ఊహూఁ. ఉలుకూ లేదు, పలుకూ లేదు. మద్దిచెట్టు కింద అంత వాగిన నోరు అది.

"నేను చెబుతాను," అంది పున్నమ్మ ముందుకొచ్చి. "నా బిడ్డ అక్కడుందని నేను చెప్పాను. చూడ్డానికి వెళ్ళింది ఈయనొక్కడే. ఎందుకు వెళ్ళాడో మూతి చూస్తే తెలుస్తోందిగా. పొద్దున అత్త ఆపింది అదే, నా బిడ్డ ఉన్న చోటు. మీరందరూ, మీతోపాటు నేనూ గద్దించి అడిగినా చెప్పనిది అదే. చెప్పి ఉంటే ఆవిడ మర్యాద నిలిచేది, నా బిడ్డ నిలిచేది కాదు."

గంగులు ఈరమ్మ ఇంటిదారి పట్టాడు. వాడి వెనక అందరూ కదిలారు.

ఈరమ్మ మంచి నిద్రలో ఉంది. పిలవగా పిలవగా బయటికి వచ్చి, అందర్నీ చూసి, ముందు పున్నమ్మ మీద పడింది. "నా ఇంటి గుర్తులు అడవంతా చాటావు కదే. ఇప్పుడు నేను కొత్త ఇల్లు తవ్వుకోవాలి."

పున్నమ్మ ఆవిడ కాళ్ళ దగ్గర తల పెట్టి ఏడ్చింది. "పొద్దున నీతో కాస్త మెత్తగా మాట్లాడాల్సింది, పొరపాటు నాదీ ఉంది," అంది ఈరమ్మ. "బిడ్డ పాలు తాగుతోందా?"

"తాగుతోందత్తా."

"అయితే ఇక్కడేం పని నీకు? వెళ్ళు."

నెమలి గొంతు తగ్గించి అడిగింది, "రేపు వస్తావా అత్తా?"

"మీరు పడుకోనిస్తే వస్తాను."

మర్నాడు ఈరమ్మ వచ్చి కూర్చుంది. గంగులు సందులో అడ్డం నిలబడ్డాడు. వరసలో మొదట కోతి ఉంది. సింగన్న మూతి మీద వెక్కిరింత పాట కట్టుకుని మహా ఉత్సాహంగా వచ్చింది.

"ఈ పాట వద్దు," అంది ఈరమ్మ.

"వాడు నిన్ను వెళ్ళగొట్టించాడు కదా అత్తా."

"వెళ్ళగొట్టించాడు. మూతి మానేదాకా ఆగు."

"మానాక పాడొచ్చా?"

"మానాక కూడా వద్దు."

కోతి సణుక్కుంటూ పోయింది. వరస తరిగి తరిగి చివరికి సింగన్న మిగిలాడు. వాచిన మూతితో దగ్గరికొచ్చి, కళ్ళెత్తకుండా అడిగాడు.

"వదినా, నా గురించి ఎవరేమన్నారు?"

"అది నేను చెప్పను," అంది ఈరమ్మ. "నువ్వేం చెప్పాలో చెప్పు."

వాడి దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. తోక దించుకుని వెళ్ళిపోయాడు.

నీతి: మనకు వినపడని మాటల వెనక కూడా మన కోసం నిద్ర మానుకున్నవాళ్ళు ఉంటారు.