వంతు దీపం

అనగనగా ఒక సముద్రం, ఆ సముద్రానికి ఎదురుగా పీతలదిబ్బ అనే పల్లె. పల్లెలో అందరూ వలలు వేసేవాళ్లే. దిబ్బ మీద మరియమాత గుహ ఉండేది. పొద్దు వాలగానే ఆ గుహలో పెద్ద ప్రమిద వెలిగించాలి. కడపటి తెప్ప ఒడ్డు చేరేదాకా గాలికి చేతులు అడ్డుపెట్టి కాయాలి. రోజుకొక ఇంటి వంతు. చీకట్లో తెప్పలకు ఆ వెలుగే దారి.

ఒకనాడు శౌరమ్మ వంతు వచ్చింది. అదే సాయంత్రం ఈదురుగాలి లేచింది. తెప్పలన్నీ తిరిగొచ్చాయి, ఆమె మగడు రాయప్పది తప్ప.

శౌరమ్మకు అసలే కుదురు తక్కువ. అన్నం ఉడికిందో లేదో అని పదిసార్లు మూత తీసే మనిషి. ఇక ఆ సాయంత్రం సంగతి చెప్పాలా? దీపం వెలిగించి, జపమాల చేతపట్టి మంగళవార్త జపం మొదలుపెట్టింది, సగంలోనే లేచింది. "తల్లీ, ఇప్పుడే వస్తా" అని మరియమాతతో చెప్పి నీళ్ల అంచుకు పరుగెత్తింది. "మావా! ఓ మావా!" అని గొంతు చించుకుంది. అలలు తప్ప ఎవరూ పలకలేదు. తిరిగొచ్చేసరికి దీపం ఆరిపోయింది.

మళ్లీ వెలిగించింది. నాలుగు పూసలు తిప్పిందో లేదో, మళ్లీ లేచింది. ఒడ్డు చేరినవాళ్ల గుడిసెలన్నీ తిరిగి, "మా ఆయన కనబడ్డాడా అన్నా?" అని అడిగింది.

"ఆ గాలిలో ఎవర్ని ఎవరు చూశారు చెల్లీ? వంతు నీదే కదా, దీపం కాడ ఎవరున్నారు?" అన్నాడు అప్పుడే ఒడ్డు చేరిన ఇన్నయ్య.

ఆమె వెనక్కి పరుగెత్తింది. వచ్చి చూస్తే దీపం లేదు, పొగ ఉంది.

మూడోసారి వెలిగించి, మూడోసారీ లేచింది! గుడిలో పూజ చెప్పే గురువుగారి చేత ప్రార్థన చేయిస్తే దేవుడు త్వరగా వింటాడని గుడికి పరుగు. తలుపుకు తాళం. గురువుగారు పొరుగూళ్లో రోగి దగ్గరికి వెళ్లారు. ఉసూరుమంటూ వస్తే, గుహలో చీకటి.

"దేవమాతా, నా మొర వినవా?" అని కూలబడి ఏడ్చింది.

అప్పుడు బొరియలోంచి ఒక ముసలి పీత కళ్లు బయటపెట్టింది.

"అమ్మాయీ, ఇసుకలో అటూ ఇటూ పరుగెత్తడం నా పని. నా పని నువ్వు చేస్తే, నీ పని ఎవరు చేస్తారు?"

శౌరమ్మ సిగ్గుపడింది. దీపం వెలిగించి చేతులు అడ్డుపెట్టింది. వేళ్లు చురుక్కుమన్నాయి, తీయలేదు. కాళ్లు మాత్రం ఇసుకను తవ్వుతూనే ఉన్నాయి. అడగడానికి మాటలు అయిపోయాయి. అందుకని ఉన్నవాటికి స్తోత్రం చెప్పింది. నిన్నటి చేపల పులుసుకు. జ్వరం తగ్గి లేచిన కూతురికి. పొద్దున్నే అలిగినా, పులుసు వాసన తగలగానే కూటికొచ్చే మగడికి... అక్కడ మాట ఆపి సముద్రం వైపు చూసింది. భయం పోలేదు. అయినా చేతులు కదల్లేదు.

చాలాసేపటికి ఇసుకలో తెప్ప ఒరిసిన చప్పుడైంది. తడిసి ముద్దయిన రాయప్ప దిబ్బ ఎక్కుతూనే కేకలు.

"ఇవాళ వంతు ఎవరిదే? దీపం చూసి తెప్ప తిప్పుకుంటానా, అది ఆరిపోద్ది! ఒకసారి కాదు, మూడుసార్లు! మూడోసారి రాళ్ల మీదికే పోయాను. నాలుగోసారి నిలబడబట్టి బతికొచ్చాను."

శౌరమ్మ ప్రమిద ముందు నుంచి చేతులు తీయలేదు. "నాదే మావా. నిన్ను వెతకడానికే పోయాను" అంది.

కాలిన ఆ వేళ్లు చూసి రాయప్ప కేకలు ఆగిపోయాయి.

అందుకే పిల్లలూ, దేవుణ్ణి నమ్మినవాడు తన వంతు దీపాన్ని వదిలి పరుగెత్తడు.