కోడలి లాప్‌టాప్‌కి తాళం

మా సర్పంచి సన్యాసినాయుడు ఎవరి ముందూ మీసం దించే మనిషి కాదు. ఒకనాడు కోడలి లాప్‌టాప్ పట్టుకుని, కంప్యూటర్లు బాగుచేసే నూకరాజు కొట్టుకి వచ్చాడు. మేం నలుగురం అక్కడే కూర్చునున్నాం.

"పాడైందా బాబూ?" అన్నాడు నూకరాజు.

"పాడవలేదు. పాస్‌వర్డ్ పెట్టుకుంది. అది తీసెయ్. ఎవరికేం రాస్తోందో నేను చూడాలి."

"ఇలాంటి పని నేను చెయ్యను బాబూ."

"నువ్వు అద్దెకున్న కొట్టు నాది. రేపే ఖాళీ చేయిస్తాను."

కొట్టు పోతే నూకరాజుకి కూడు లేదు. లాప్‌టాప్ తనవైపు లాక్కున్నాడు.

"సరే, తీస్తాను. కాకపోతే పొద్దున్న మీ కోడలుగారూ వచ్చారు. మీ ఫోన్ తెస్తానన్నారు, తెరిచిపెట్టమన్నారు. కుదరదన్నాను. మీ పని చేస్తే ఆవిడ పనీ చెయ్యాలి కదా?"

నాయుడు అదిరిపడ్డాడు. "నా ఫోనా? ఒకరి ఫోన్ ఇంకొకరు చూడ్డమేంట్రా, సిగ్గులేకపోతే!"

మేమందరం తలెత్తి చూశాం. ఎవరమూ నవ్వలేదు. తనేమన్నాడో అప్పుడు తెలిసి, నాయుడి ముఖం నల్లబడింది.

"ఆవిడ రానేలేదు బాబూ," అన్నాడు నూకరాజు మెల్లిగా. "ఆ మాట మీరే అనాలని అలా చెప్పాను."

నాయుడు లాప్‌టాప్ చంకలో పెట్టుకుని, బజారు దారి వదిలి, వెనక సందులోంచి ఇంటికి పోయాడు. కొట్టు ఖాళీ చెయ్యమని మళ్ళీ అనలేదు. ఈనాటికీ మా ముఖాలు చూడడు. చూడక్కర్లేదు, ఆనాడు తనన్న మాట ఆయనా మర్చిపోలేదు, నేనూ మర్చిపోలేదు.